పిల్లలకూ గాల్‌బ్లాడర్‌లో రాళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి పిల్లల పిత్తాశయం (గాల్‌బ్లాడర్, కాలేయం కింద పైత్యరసం దాచే తిత్తి) రాళ్ల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. పిల్లల సర్జన్లు, మత్తు డాక్టర్లు కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్ర: మా పాపకు తొమ్మిదేళ్లు. ఏడాదిగా బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. నులిపురుగుల మందు వేశాం, గ్యాస్ మందు వాడాం. ఇప్పుడు స్కాన్‌లో గాల్‌బ్లాడర్‌లో మూడు రాళ్లు కనిపించాయి, ఒక్కోటి 6 మి.మీ. ఆపరేషన్ చేసేయమంటే డాక్టరుగారు ముందు బోలెడు రక్తపరీక్షలు రాశారు. రాయి కళ్లెదుట కనిపిస్తుంటే ఇంకా పరీక్షలెందుకు?
- ఓ తల్లి, రాజాం

జ: మీ డాక్టరుగారు సరైన వరసలోనే వెళ్తున్నారు. పెద్దవాళ్లలో రాయి దొరికితే అది ఎందుకొచ్చిందని పెద్దగా ఆరా తీయరు. పిల్లల్లో మాత్రం ఆ ప్రశ్న వదిలేయకూడదు. రాయి తీసేసి, కారణాన్ని ఒంట్లోనే ఉంచి ఇంటికి పంపితే సగం వైద్యమే చేసినట్టు.

ఎర్ర రక్తకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్, తలసీమియా, స్ఫిరోసైటోసిస్ లాంటి పుట్టుకతో వచ్చే జబ్బుల్లో అది చాలా ముందే విరిగిపోతుంది. విరిగిన కణాల నుంచి వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థమంతా కాలేయం మీదుగా పైత్యరసంలోకి చేరి, కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. అవే నల్ల రాళ్లు. ఎదిగే వయసులో బరువు బాగా పెరిగిన పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, పసుపు రంగు కొలెస్ట్రాల్ రాళ్లు కనిపిస్తాయి. నెలలు నిండకుండా పుట్టి చాలా రోజులు సెలైన్ ద్వారానే ఆహారం తీసుకున్న పిల్లలకు, చిన్నపేగు చివరి భాగం తీసేసిన పిల్లలకు కూడా ఈ ముప్పు ఉంది. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు.

అందుకే సీబీసీ (రక్తకణాల లెక్క), రెటిక్ కౌంట్ (కొత్త ఎర్రకణాల లెక్క), రక్తపు స్మియర్ (కణాల ఆకారం చూసేది), కాలేయం శుద్ధి చేసిన (డైరెక్ట్), చేయని (ఇన్‌డైరెక్ట్) బిలిరుబిన్ విడివిడిగా చూపే పరీక్ష, కాలేయ పరీక్షలు, హిమోగ్లోబిన్ రకాన్ని తేల్చే ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ రాస్తారు. ఈ చివరి పరీక్షకు రక్తం ఎక్కించకముందే నమూనా తీయాలి. ఎక్కించాక తీస్తే దాత రక్తం కలిసి ఫలితం తప్పుగా వస్తుంది, మళ్లీ దాదాపు మూడు నెలలు ఆగాల్సి ఉంటుంది. జబ్బు బయటపడితే ఇంట్లో మిగతా పిల్లలకూ చేయించండి.

స్కాన్ కాగితంలో ఇంకో మాట చూడండి. సీబీడీ అన్న చోట ఎన్ని మి.మీ. అని రాశారు? కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే పెద్ద గొట్టం అది. ఈ వయసులో 3-4 మి.మీ. మించకూడదు. అది ఉబ్బి ఉంటే రెండు అనుమానాలు: రాయి జారి అందులో ఇరుక్కుంది, లేదా పుట్టుకతోనే గొట్టం తిత్తిలా ఉబ్బే కోలెడోకల్ సిస్ట్ ఉంది. రెండోదైతే ఆపరేషనే వేరు. ఉబ్బిన గొట్టం మొత్తం తీసేసి, కాలేయ నాళాన్ని పేగుకు కలపాలి. ఒట్టి గాల్‌బ్లాడర్ తీస్తే లాభం లేదు. అనుమానం ఉంటే, పైత్యరసం గొట్టాలను చూపే ఎమ్మార్సీపీ స్కాన్ చేయించాక గానీ తేదీ ఖాయం చేసుకోవద్దు.

పాప బొడ్డు దగ్గరే నొప్పి చూపించడంలో వింత లేదు. చిన్నపిల్లలకు కుడి డొక్క అని వేలు పెట్టి చూపడం రాదు. తిన్నాక, అందులోనూ నూనె వంటలు తిన్నాక, నొప్పితోపాటు వాంతి వస్తుంటే ఒకసారి స్కాన్ తీయించాల్సిందే. స్కాన్‌కు 4-6 గంటలు పరగడుపున ఉంచాలి. తిన్న వెంటనే వెళ్తే గాల్‌బ్లాడర్ ముడుచుకుని ఉంటుంది, రాయి దొరక్కపోవచ్చు.

ప్ర: మా బాబుకు పదమూడేళ్లు, సికిల్ సెల్ ఉంది. ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాడు. స్కాన్‌లో రెండు రాళ్లున్నాయన్నారు. వాడికి ప్రస్తుతం నొప్పేమీ లేదు. నొప్పి లేని రాయికి ఆపరేషన్ చేయించాలా?
- ఓ తండ్రి, మెళియాపుట్టి మండలం

జ: సికిల్ సెల్ లేని పిల్లాడైతే, నొప్పి లేదు కాబట్టి ఆరు నెలలకోసారి స్కాన్ చేస్తూ చూద్దాం అనేవాళ్లం. మీ బాబు విషయంలో మాత్రం తీరిగ్గా, ఒంట్లో బాగున్నప్పుడు తీయించడమే మేలు. సికిల్ క్రైసిస్‌లోనూ (ఆ జబ్బు ఒక్కసారిగా ముదిరి నొప్పి వచ్చినప్పుడు) కడుపునొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడడం ఉంటాయి. గాల్‌బ్లాడర్ వాచినా అవే లక్షణాలు. అర్ధరాత్రి నొప్పితో ఆసుపత్రికి వస్తే ఏది ఏదో తేల్చడం కష్టం. అప్పటికప్పుడు చేసే ఆపరేషన్‌లో ఈ పిల్లలకు ముప్పు బాగా ఎక్కువ.

ఈ పిల్లల్లో కత్తి పని కంటే ముందు తయారీ, తర్వాతి కాపలాయే కష్టం. చలి, దాహం, ఆక్సిజన్ తగ్గడం, ఈ మూడింటిలో ఏది జరిగినా కణాలు కొడవలి ఆకారంలోకి ముడుచుకుని రక్తనాళాలకు అడ్డం పడతాయి. కాబట్టి:

హిమోగ్లోబిన్‌ను 10 గ్రాముల దగ్గరకు తెస్తారు. సాధారణంగా కిలో బరువుకు 10 మి.లీ. లెక్కన ఎర్రకణాలు ఎక్కిస్తే 2 గ్రాములకు పైగా పెరుగుతుంది. మరీ పెంచితే రక్తం చిక్కబడి అదే కొత్త చిక్కవుతుంది, 11 దాటనివ్వరు. ఏబీఓ గ్రూపుతోపాటు ఆర్‌హెచ్, కెల్ అనే ఇతర రక్త గ్రూపులు కూడా సరిపోయే రక్తం అడగండి. ఈ పిల్లలకు జీవితంలో చాలాసార్లు రక్తం కావాలి, సరిపడని రక్తం ఎక్కితే యాంటీబాడీలు పుట్టి తర్వాత రక్తం దొరకడం గగనమవుతుంది.

ఉపవాసం పేరుతో రాత్రంతా దాహంగా ఉంచకూడదు. ముందు రాత్రి నుంచే సెలైన్ పెడతారు. ఘనాహారం 6 గంటల ముందు ఆపినా, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగనివ్వచ్చు. థియేటర్లో ఏసీ తగ్గించి, వెచ్చని దుప్పటి, వెచ్చబెట్టిన సెలైన్ వాడతారు. సికిల్‌కు వాడే హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మీ అంతట మీరు ఆపొద్దు.

ఆపరేషన్ అయ్యాక భయపడాల్సింది ఛాతీ గురించి. రెండు మూడు రోజుల్లో జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం మొదలైతే అది ఊపిరితిత్తులను దెబ్బతీసే అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ కావచ్చు. దాన్ని ఆపడానికే ఊపిరి వ్యాయామం చేయించే మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పదేసి సార్లు చేయించాలి. చాలామంది పిల్లలు దాన్ని బెలూన్‌లా ఊదేస్తుంటారు. ఊదకూడదు, గాలి లోపలికి పీల్చాలి, బంతులు పైకి లేచాక కాసేపు అలాగే పట్టి ఉంచాలి. ఆపరేషన్‌కు ముందే ఇంట్లో నేర్పించండి. మామూలు పిల్లలు మర్నాడే ఇంటికెళ్తారు, మీ బాబును మాత్రం ఇంకో రోజో రెండు రోజులో ఎక్కువ ఉంచుతారు, తొందరపెట్టొద్దు.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారందరికీ పరీక్ష దాని లక్ష్యం. అందులో ఇచ్చిన కార్డు ఉంటే ఆసుపత్రికి తప్పక తీసుకెళ్లండి. కార్డులో ‘క్యారియర్’ (జబ్బు లేకుండా సికిల్ జన్యువు మాత్రం మోసేవారు) అని ఉంటే మాత్రం ఈ జవాబంతా మీకు వర్తించదు. క్యారియర్‌కు సికిల్ వల్ల రాళ్లు రావు, వేరే కారణం వెతకాలి.

ప్ర: బాబూ, మా మనవడికి పన్నెండేళ్లు. పైత్యం తిత్తిలో రాయుందన్నారు. కొండపిండి కూర వండిపెడితే కరిగిపోద్దని మా ఊర్లో అంటన్నారు. ఉలవకట్టు, అరటి దవ్వ రసం కూడా తాగించమంటన్నారు. పెట్టమంటారా, ఏటి? మాది ఉద్దానం. నీళ్ల వల్లే రాళ్లొచ్చాయా?
- ఓ నాయనమ్మ, కవిటి

జ: అమ్మా, కొండపిండి, అరటి దవ్వ కిడ్నీ రాళ్ల కోసం మన పెద్దలు చెప్పుకున్నవి. మీ మనవడి రాయి కిడ్నీలో లేదు, మూత్రం వెళ్లే దారికి దానికీ సంబంధం లేదు. ఎన్ని నీళ్లు తాగినా అది కొట్టుకుపోదు. కూరగా వండి అందరితోపాటు పెడితే తప్పు లేదు గానీ, రసం తీసి గ్లాసులకు గ్లాసులు పోయకండి. నూనె, నిమ్మరసం తాగిస్తే పచ్చటి ఉండలు పడతాయని ఇంకొకరు చెప్తారు. ఆ ఉండలు రాళ్లు కావు, తాగిన నూనే కడుపులో సబ్బులా గడ్డకట్టి వస్తుంది.

మందుబిళ్లల మాటకొస్తే, రాళ్లు కరగడానికని ఇచ్చే అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ నల్ల రాళ్లను కరిగించదు. కొలెస్ట్రాల్ రాళ్లను కొందరిలో కరిగించినా, ఆపాక మళ్లీ వస్తాయి. ఇక నీళ్ల సంగతి. ఉద్దానంలో పెద్దవాళ్లను పీడిస్తున్నది కిడ్నీలు క్రమంగా పాడయ్యే జబ్బు, అది రాళ్ల జబ్బు కాదు. మనవడి రాయికి దాంతో ముడిపెట్టకండి. అయితే ఇంట్లో కిడ్నీ జబ్బున్న వాళ్లుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, నొప్పి మందులు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

ప్ర: ఆరేళ్ల బాబుకు టైఫాయిడ్ వస్తే పది రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు చేశారు. ఆఖర్న స్కాన్ తీస్తే గాల్‌బ్లాడర్ నిండా రాళ్లట. జ్వరానికి ముందు తీసిన స్కాన్‌లో లేవు. ఆపరేషన్ తప్పదా?
- బొబ్బిలి

జ: ఆగండి. ఆ ఇంజెక్షన్ పైత్యరసంలోకి వెళ్లి కాల్షియంతో కలిసి పేరుకుంటుంది. స్కాన్‌లో అచ్చం రాళ్లలాగే కనిపిస్తుంది. ఇంజెక్షన్ ఆపిన కొన్ని వారాల్లో దాదాపు అందరిలోనూ దానంతటదే పోతుంది. నెల నుంచి రెండు నెలల మధ్య మళ్లీ స్కాన్ తీయించండి. అలాగే డెంగ్యూలో గాల్‌బ్లాడర్ గోడ మందంగా వాచినట్టు రిపోర్టు వస్తుంది. అది ఒంట్లో నీరు రక్తనాళాల నుంచి బయటికి ఊరడం వల్ల వచ్చే వాపు, జ్వరం తగ్గాక పోతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లాడి మీద ఆ రిపోర్టు చూసి కత్తి పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ప్ర: రంధ్రాలు పెట్టి గాల్‌బ్లాడర్ ఎలా తీస్తారు? పదకొండేళ్ల మా అమ్మాయికి చేస్తామన్నారు. సంతకం పెట్టే కాగితంలో ‘అవసరమైతే పొట్ట కోసి చేస్తాం’ అని ఉంది. ఏం జరిగితే అలా చేస్తారు?
- ఓ తండ్రి, విజయనగరం

జ: ఈ పద్ధతిని 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదట చేశారు. మన దేశంలో 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో టెహెమ్‌టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. పిల్లల్లో చేసేదీ అదే ఆపరేషన్, కొలతలే చిన్నవి.

పూర్తి మత్తు ఇచ్చి, నోట్లోంచి గొట్టం వేసి పొట్టలోని గాలి తీసేస్తారు. పాపకు ఊగే పన్ను ఉంటే మత్తు డాక్టరుకు ముందే చూపించండి, గోళ్ల రంగు తుడిచేయండి. జలుబు, దగ్గు ఉంటే దాచకండి, వాయిదా వేయడమే మంచిది.

బొడ్డు దగ్గర 5 నుంచి 10 మి.మీ. గాటు పెట్టి కెమెరా పంపుతారు. పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, ఎందుకంటే అది మండదు, రక్తంలో కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పెద్దవాళ్లలో ఒత్తిడి 12-15 ఉంచితే, ఈ వయసులో 10-12, చిన్నపిల్లల్లో 8-10 మి.మీ. పాదరసం చాలు. ఎక్కువైతే పొట్ట పైకి నొక్కి ఊపిరికి అడ్డొస్తుంది. తర్వాత రొమ్ము ఎముక కింద ఒకటి, కుడివైపు రెండు, 3-5 మి.మీ. గాట్లు. పిల్లల పొట్ట చిన్నది, కాలేయం అంచు కిందికి ఉంటుంది. పెద్దవాళ్ల కొలతల్లో గాట్లు పెడితే పరికరాలు ఒకదానికొకటి తగులుకుంటాయి. అందుకే ఇంకాస్త కిందికి, ఎడంగా పెడతారు. బల్లను తల పైకి, ఎడమవైపుకు వంచితే పేగులు పక్కకు జారతాయి.

ఒక పట్టకారుతో గాల్‌బ్లాడర్ పైభాగాన్ని కాలేయం మీదికి నెడతారు. ఇంకోదానితో మెడభాగాన్ని కుడి పక్కకు, కిందికి లాగుతారు. అప్పుడు ఒక త్రికోణం తెరుచుకుంటుంది. అందులో రెండు దారాల్లాంటివి ఉంటాయి: సన్నటి నాళం, సన్నటి ధమని. ఆపరేషన్‌లో అతి ముఖ్యమైన పదిహేను నిమిషాలు ఇక్కడే. కొవ్వు, పొరలు పూర్తిగా తీసేయాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపోయి కనిపించాలి. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్తున్నవి రెండే రెండు అని కళ్లారా తేలాలి. ఈ మూడూ కుదిరాకే క్లిప్పులు: ఒంట్లో మిగిలే వైపు రెండు, తీసేసే వైపు ఒకటి, మధ్యలో కత్తిరింపు. తర్వాత వేడి హుక్‌తో కాలేయం నుంచి విడదీసి, సంచిలో వేసి బొడ్డు దగ్గర్నుంచి బయటికి తీస్తారు. బొడ్డు గాటు లోపలి పొరను కుట్టి తీరాలి. పిల్లల్లో 5 మి.మీ. గాటులోంచి కూడా లోపలి కొవ్వు పొర బయటికి రాగలదు. అంతా గంట నుంచి గంటన్నర.

ఎక్కడ తప్పు జరుగుతుంది? అన్నింటికంటే పెద్దది, కాలేయం నుంచి పేగుకు వెళ్లే పెద్ద గొట్టాన్నే (సీబీడీ) గాల్‌బ్లాడర్ సన్న నాళం అనుకుని కత్తిరించడం. మెడభాగాన్ని పక్కకు కాకుండా నేరుగా పైకి లాగితే రెండూ ఒకే గీతలోకి వచ్చేస్తాయి, వాపు ఉంటే మరీ మోసపోతారు. పెద్దవాళ్ల లెక్కల్లో ఇది వెయ్యి మందిలో సుమారు ముగ్గురు నుంచి ఐదుగురికి. జరిగితే పెద్ద ఆపరేషన్‌తో సరిచేయాలి. అనుమానం వస్తే నాళంలోకి రంగు మందు పంపి ఎక్స్‌రే తీస్తారు. రెండోది రక్తస్రావం. రక్తపు మడుగులో కనపడకుండా క్లిప్పు వేయడమే పెద్ద ప్రమాదం. ముందు గాజ్‌తో నొక్కి పట్టి, శుభ్రం చేసి, చూసి వేయాలి. మూడోది, గాల్‌బ్లాడర్ చిరిగి రాళ్లు పొట్టలో పడడం. అన్నీ ఏరి, కడిగేస్తారు.

త్రికోణం తెరుచుకోకపోతే, రక్తం ఆగకపోతే, వాపు వల్ల ఏది ఏదో తెలియకపోతే పొట్ట తెరుస్తారు. లేదా మెడభాగం ఒంట్లోనే ఉంచి మిగతాది తీస్తారు. అలా చేశారంటే సర్జన్‌కు చేతకాలేదని కాదు. మొండిగా రంధ్రాల్లోంచే పూర్తి చేయాలనుకునే చోటే పెద్ద గొట్టం తెగుతుంది. మీరు సంతకానికి ముందు అడగాల్సింది: పిల్లలకు ఈ ఆపరేషన్ ఇక్కడ తరచూ చేస్తారా, పిల్లల మత్తు చూసే డాక్టరు ఉన్నారా, 5 మి.మీ. పరికరాలు ఉన్నాయా?

ప్ర: ఒక్క రంధ్రంతో, మచ్చ కనపడకుండా చేస్తారట కదా?
- చీపురుపల్లి

జ: చేస్తారు. కానీ ఆ ఒక్క గాటు పెద్దది, పరికరాలన్నీ ఒకే చోట నుంచి వెళ్తాయి కాబట్టి పైన చెప్పిన త్రికోణం సరిగ్గా తెరవడం కష్టం. మచ్చ కోసమైతే 3 మి.మీ. గాట్లు ఏడాదికి దాదాపు కనిపించవు.

ప్ర: ఎనిమిదేళ్ల బాబు, 20 కిలోలు. నిన్న ఆపరేషన్, రేపు ఇంటికి పంపుతారట. కుడి భుజం నొప్పి అని ఏడుస్తున్నాడు. ఇంటి దగ్గర మందులు, పథ్యం, బడి ఎలా?
- నరసన్నపేట

జ: భుజం నొప్పి పొట్టలో మిగిలిన గ్యాస్ వల్ల. అది ఉదరవితానాన్ని (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) రాస్తే మెదడుకు భుజం నొప్పిలా తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. లేపి నడిపించండి.

పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా., అంటే బాబుకు 300 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. సిరప్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సీసా అయితే 6 మి.లీ. పోయాలి, 120 మి.గ్రా. ఉన్నదైతే 12.5 మి.లీ. మెడికల్ షాపులో సీసా మారితే కొలతా మారుతుంది. చెంచాతో వద్దు, సిరంజితో కొలవండి. రెండు రోజులు నొప్పి ఉన్నా లేకున్నా వేళకు ఇచ్చి, తర్వాత అవసరమైతేనే ఇవ్వండి. ఇబుప్రోఫెన్ డాక్టరు రాస్తేనే, తిన్నాకే. యాస్పిరిన్ అసలొద్దు.

ఇడ్లీ, పప్పన్నం, మజ్జిగ, గుడ్డు, చేపల పులుసు ఇవ్వచ్చు. గాయం చీము పడుతుందని పప్పు, గుడ్డు మానిపించడం ఉట్టి అపోహ, మానడానికి కావాల్సిందే అవి. రెండు మూడు వారాలు గారెలు, బజ్జీలు, పూరీలు, బిర్యానీ తగ్గించండి. పైత్యరసం తయారుచేసేది కాలేయం, గాల్‌బ్లాడర్ దాన్ని దాచేదే. ఇకపై రసం నేరుగా పేగులోకి కొంచెం కొంచెంగా పోతుంటుంది. కొందరికి నూనె ఎక్కువ తింటే విరేచనం పలచగా అవుతుంది, నెమ్మదిగా సర్దుకుంటుంది. జీవితాంతం పథ్యం లేదు, ఎదుగుదలకు ఏ లోటూ ఉండదు.

రెండు రోజుల తర్వాత నీళ్లు పోయొచ్చు. చెరువులో, వంశధారలో మునకలు రెండు వారాల దాకా వద్దు. వారం తర్వాత బడికి పంపొచ్చు, బ్యాగు మాత్రం ఎవరైనా మోయాలి. సైకిల్, కబడ్డీ 3-4 వారాల తర్వాతే.

నొప్పి రోజురోజుకీ తగ్గాలి. మూడో రోజో ఐదో రోజో తిరిగి పెరుగుతుంటే, పొట్ట ఉబ్బితే, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం వస్తే, వాంతులు ఆగకపోతే, గాటు నుంచి పచ్చటి నీరు కారితే పైత్యరసం లీకవుతోందేమో చూడాలి. క్లిప్పు జారినా, కాలేయం పక్కన కంటికి కనపడని సన్న నాళం తెగినా అలా అవుతుంది. రాత్రయినా సరే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి, 108కి ఫోన్ చేయండి.

ప్ర: ఖర్చు గురించి?
- ఆమదాలవలస

జ: రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ ఆపరేషన్ మీ పిల్లకు వర్తిస్తుందా, ఏ ఆసుపత్రిలో అన్నది 104కు ఫోన్ చేసి అడగండి. ఆసుపత్రిలో వైద్యమిత్ర డెస్క్ దగ్గర బియ్యం కార్డు, పిల్లల ఆధార్, స్కాన్ రిపోర్టు చూపి ముందస్తు అనుమతి వచ్చాకే తేదీ వేయించుకోండి. క్లిష్టమైన కేసును విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) పిల్లల సర్జరీ విభాగానికి పంపితే వెనకాడొద్దు.

ప్ర: మా అమ్మాయికి గాల్‌బ్లాడర్ తీసి రెండు నెలలైంది. మళ్లీ అదే నొప్పి, కళ్లు పచ్చగా ఉన్నాయి. తీసేశాక మళ్లీ రాయి ఎలా వస్తుంది? పసరు పోయిద్దామంటున్నారు.
- గజపతినగరం

జ: గాల్‌బ్లాడర్ లేకపోయినా పెద్ద గొట్టంలో రాయి ఉండొచ్చు. ఆపరేషన్‌కు ముందే జారి, అప్పుడు కంటపడకుండా ఉండిపోయింది కావచ్చు. అమ్మాయికి మూత్రం ముదురు రంగులో, విరేచనం తెల్లగా ఉంటే దారి మూసుకుపోయినట్టే. దానికి చలిజ్వరం తోడైతే గొట్టంలో చీము పట్టే ప్రమాదం ఉంది, ఇవాళే వెళ్లాలి. కాలేయ పరీక్షలు, క్లోమం వాచిందేమో చెప్పే లైపేజ్ పరీక్ష, స్కాన్, అవసరమైతే ఎమ్మార్సీపీ చేస్తారు. రాయి ఉంటే నోట్లోంచి ఎండోస్కోప్ పంపి ఈఆర్‌సీపీతో తీస్తారు. సుమారు 10 కిలోలు దాటిన పిల్లలకు పెద్దవాళ్ల పరికరమే సరిపోతుంది, కాబట్టి విశాఖలో ఈఆర్‌సీపీ చేసే చోటికి వెళ్లొచ్చు. ఏలిక పాము గొట్టంలోకి దూరినా ఇలాగే ఉంటుంది, అది స్కాన్‌లో కనపడుతుంది.

విరేచనం మామూలు రంగులోనే ఉండి, రక్తం తగ్గి, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగి ఉంటే కణాలు విరిగే జబ్బు సంగతి చూడాలి. గాల్‌బ్లాడర్ తీస్తే ఆ పచ్చదనం పోదు. పసరు ఈ రెండింటిలో దేనికీ పనిచేయదు, రోజులు మాత్రం పోతాయి.

ప్ర: తీసిన రాళ్లు చిన్న సీసాలో ఇచ్చారు. మిరియాల్లా నల్లగా ఉన్నాయి. ఏం చేయాలి?
- టెక్కలి

జ: నల్లగా ఉన్నాయంటే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేశారా అని అడగండి, చేయకపోతే చేయించండి. తీసిన గాల్‌బ్లాడర్ బయాప్సీ రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది, కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు దాన్నీ అడిగి తెచ్చుకోండి.